ఇంటిపట్టున రాతపని: నమ్మదగినదేది, నమ్మరానిదేది?

"ఇంటివద్ద కూర్చుండి వ్రాయుడు. పుటకు ఇంత చొప్పున చెల్లింతుము" అను ప్రకటనలు కొన్ని సంవత్సరములుగా మన యిండ్లలోని ఫోనులకు ఎడతెరపి లేకుండ వచ్చుచున్నవి. పూర్వము ఇట్టివి వార్తాపత్రికల చివరి పుటలలో చిన్న యక్షరములతో అచ్చగుచుండెడివి. బస్టాండు గోడల మీదను, కరెంటు స్తంభముల మీదను అంటింపబడుచుండెడివి. నేడు వాట్సాప్, టెలిగ్రామ్ మార్గముల వెంట నేరుగా ఇంటి లోపలికే వచ్చి చేరుచున్నవి. ఇది నిజమేనా, పిల్లలను చేరనీయవచ్చునా అని మన సంఘమునకు వచ్చు తల్లిదండ్రులు అడుగుట పరిపాటియైనది. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పుట తగదు. అంతయు మోసమే యనుట సత్యము కాదు. అంతయు నిజమే యని నమ్ముట ప్రమాదము. మంచిచెడ్డలను వేరుపరచు పద్ధతి యొకటి మన కవసరము. దానినే ఈ వారము పాఠకుల ముందుంచుచున్నాము.

ఈ విషయము ఇతరులకంటె మనకు కొంత యెక్కువ సంబంధించినది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయినవి; రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినది. అంతకు ముందు తరములనుండియే ఇచట నున్నవారమును, తుంగభద్ర యెడమ కాలువ నీరు వచ్చిన పిమ్మట సింధనూరు, మాన్వి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొని స్థిరపడినవారమును ఈ నేలనే మనదిగా జేసికొంటిమి. మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుదురు. బడిలో కన్నడము, ఇంగ్లీషు నేర్తురు. బజారులో ఉర్దూ వినుచు పెరుగుదురు. మూడు నాలుగు భాషలు ఎరిగిన యువతీయువకులు ఇంతమంది యొకచో నుండుట సామాన్యమైన సంగతి కాదు. వారిలో డిగ్రీ పూర్తిచేసి తగిన యుద్యోగము దొరకక యున్నవారు పలువురు. పెండ్లియై ఇల్లు విడిచి దూరము పోలేని చదువుకొన్న స్త్రీలు మరికొందరు. వారు కోరునది ఊరక వచ్చు సొమ్ము కాదు. చదువుకొన్న చదువునకు తగిన పని. మోసగాండ్రు వల పన్నుచున్నది ఆ న్యాయమైన కోరికమీదనే.

మొదట, నిజమైన పని కలదా యని చూతము. కలదు. ఒక భాషనుండి మరియొక భాషకు అనువదించుట, కంపెనీల ప్రకటనలను, వస్తువుల వివరములను దేశభాషలలో వ్రాయుట, చలనచిత్రములకు అడుగువాక్యములు సమకూర్చుట, వ్రాసినదానిని దిద్దుట మున్నగు పనులకు ధనమిచ్చువారు ఉన్నారు. పనివారిని, పని యిచ్చువారిని కలుపు వేదికలు చాలకాలముగా నడచుచున్నవి. 1999లో ఏర్పడిన ప్రోజ్ అను వేదిక అనువాదకులకు సంబంధించినది. పని యిచ్చిన సంస్థ సక్రమముగా సొమ్ము చెల్లించినదా లేదా యని అనువాదకులే నమోదుచేయు పట్టిక అందు కలదు. 2010లో మొదలైన ఫైవర్, 2015లో ఆ పేరు దాల్చిన అప్‌వర్క్ అనునవి పలు విధములైన పనులకు సంతలవంటివి. బెంగళూరులో 2014లో పుట్టిన ప్రతిలిపి యందు తెలుగు, కన్నడ రచయితలు కథలు ప్రకటించుచున్నారు. పాఠకుల చందాలవలన కొందరికి కొంత రాబడియు కలుగుచున్నది.

అయితే వీనిలో చేరినవారందరికి జీతము దొరకునని ఎవరును తలపరాదు. సంతలో అంగడి పెట్టుటకు చోటు దొరకినంతమాత్రమున సరకు అమ్ముడుపోవునా? తొలి నెలలలో ఏమియు రాకపోవచ్చును. ప్రపంచమందలి వేలాదిమందితో పోటీ యుండును. పైగా ఇటీవలి సంవత్సరములలో యంత్రములే అనువాదము చేయుచు, వ్యాసములు వ్రాయుచు నుండుటచేత సామాన్యమైన రాతపనికి గిరాకి తగ్గినది. యంత్రము చేసినదానిలోని తప్పులను పట్టి దిద్దగల భాషాజ్ఞానము గలవారికే ఇక మీదట విలువ. కావున నిజమైన పని నెమ్మదిగా వచ్చును, కొద్దిగా వచ్చును, నేర్పు ననుసరించి పెరుగును. దీనికి విరుద్ధముగా తొలినాడే పెద్ద సొమ్ము చూపు ప్రకటన ఏదైనను అనుమానింపదగినదే.

ఇక మోసముల రీతులు. ఇవి మాటిమాటికి వేషము మార్చినను, లోపలి యంత్రాంగము నాలుగైదు విధములే.

మొదటిది ప్రవేశ రుసుము. పని యిత్తుము, ముందుగా పేరు నమోదుకు, శిక్షణకు, లేక పనిముట్లకు ఇంత చెల్లింపుడని యడుగుదురు. చెల్లించిన పిదప మరియొక రుసుము చెప్పుదురు, లేదా మాయమగుదురు. ఇందు పెద్దయెత్తున జరిగినదానికి స్పీక్ ఏషియా వ్యవహారమే నిదర్శనము. 11,000 రూపాయలు కట్టినచో ఇంటివద్దనే ప్రశ్నావళులు నింపి ధనము సంపాదింపవచ్చునని ఆ సంస్థ చెప్పినది. దేశమంతట లక్షలమంది చేరిరి. ఒకరు చేర్చిన మరియొకరి సొమ్మే ముందువారికి ఆదాయముగా కనబడినది. 2011లో చెల్లింపులు నిలిచిపోయి, పోలీసు విచారణలు మొదలైనవి. ప్రశ్నలకు సమాధానములు వ్రాయుట పని. కాని ఆ సమాధానములను కొనువాడెవడు అను సంగతిని చేరినవారిలో విచారించినవారు మిక్కిలి తక్కువ.

రెండవది టైపు పని, ఒప్పంద పత్రము. కొన్ని వందల పుటలు ఇచ్చి, వారము పది దినములలో నూటికి తొంబదికి పైగా తప్పులు లేకుండ టైపు చేయవలెనందురు. ఒప్పందముపై సంతకము, ఆధార్ ప్రతి తీసికొందురు. ఎంత జాగ్రత్తగా చేసినను పని తప్పినదనియే తేల్తురు. పిమ్మట వకీలు పేరుతో నోటీసు పంపి, ఒప్పందము భంగపరచితిరి, ఇన్ని వేలు కట్టనిచో కోర్టుకీడ్తుము, పోలీసులను పంపుదుము అని బెదరింతురు. పరువుపోవునని వెరచి ఇంటి స్త్రీలు, విద్యార్థులు రహస్యముగా చెల్లించుచున్నారు. ఇచట రాతపని అంగడి కాదు, బెదరింపే అంగడి.

మూడవది టెలిగ్రామ్ కొలువు. చిత్రములను మెచ్చుకొనుడు, హోటళ్లను గూర్చి రెండు వాక్యములు వ్రాయుడు, ఒక్కొక్కదానికి ఇంత యిత్తుమందురు. తొలుత నూరో రెండు నూర్లో నిజముగానే ఖాతాలో పడును. అందుచే నమ్మకము కుదురును. తరువాత, పెద్ద పనికి ముందుగా మీరే సొమ్ము కట్టవలెనందురు. తెరమీద లాభము లక్షలలో కనబడును. తీసికొనబోయిన పన్ను కట్టుమందురు, జరిమానా కట్టుమందురు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన వ్యవహారము ఇట్టిదే. అచటి యొక్క వ్యక్తి 28 లక్షల రూపాయలు పోగొట్టుకొని చేసిన ఫిర్యాదునుండి దారి పట్టుకొని పోగా, దాదాపు 15,000 మందినుండి 712 కోట్ల రూపాయలు కాజేసిన ముఠా జాడ తెలిసినదని వారు ప్రకటించిరి. అదే సంవత్సరము డిసెంబరులో ఇట్టి పార్టుటైము పనుల పేరిటను, పెట్టుబడుల పేరిటను మోసగించు వెబ్‌సైట్లను నూరింటికి పైగా కేంద్రప్రభుత్వము నిలిపివేసినది. అమెరికాలోను ఇదే తంతు నడచుచున్నది. అచటి వ్యాపార సంస్థల పర్యవేక్షక సంఘమునకు ఈ తరహా మోసములపై 2023 సంవత్సరమంతటిలో సుమారు 5,000 ఫిర్యాదులు రాగా, 2024 తొలి ఆరునెలలలోనే సుమారు 20,000 వచ్చినవి. కావున మోసపోవువారు చదువులేనివారని గాని, పల్లెటూరివారని గాని అనుకొనుట పొరపాటు.

నాలుగవది మిక్కిలి ఘోరమైనది. డేటా ఎంట్రీ యుద్యోగము విదేశమందు కలదని చెప్పి, దళారులు యువకులనుండి సొమ్ము గుంజి కాంబోడియాకు చేర్చుచున్నారు. అచట వారిని కావలి నడుమ నుంచి, మనదేశపు ప్రజలనే ఫోనులద్వారా మోసగించు పనికి బలవంతముగా నియోగించుచున్నారు. 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసులు ఈ దళారులలో కొందరిని పట్టుకొనిరి. అదే నెలలో సిహనౌక్‌విల్ పట్టణమందు చిక్కుకొన్నవారు తిరుగబడగా, మన రాయబార కార్యాలయము తొలి విడతగా 60 మంది భారతీయులను విడిపించి స్వదేశమునకు పంపినది. వారిలో తెలుగు యువకులు ఉండిరి. మన యింటికి ఫోను చేసి తీయగా మాటాడు గొంతు, ఒకనాడు ఉద్యోగము వెదకుచు ఇల్లు విడిచిన మనవంటివారి బిడ్డదే కావచ్చునని తలచుకొన్నచో ఈ విషయముయొక్క బరువు తెలియును.

ఐదవదానిని పలువురు నేరముగానే గుర్తింపరు. "మీ బ్యాంకు ఖాతాకు సొమ్ము వచ్చును, కొంత దలాలీ ఉంచుకొని మిగిలినది మేము చెప్పినచోటికి పంపుడు, ఇదియే మీ పని" అందురు. వచ్చునది మరియొక కుటుంబమునుండి దోచిన సొమ్ము. పోలీసులు మొట్టమొదట వచ్చునది ఆ ఖాతా పేరుగలవాని యింటికే. ఖాతాను గాని, సిమ్ కార్డును గాని అద్దెకిచ్చుట ఎన్నటికిని ఉద్యోగము కానేరదు.

మరి పరీక్షించుట యెట్లు? ఇందుకు గొప్ప సాంకేతిక జ్ఞానము అక్కరలేదు. మన రాజేంద్ర గంజిలో ప్రత్తి, ధాన్యము అమ్మి కొనువారు నిత్యము అడుగు ప్రశ్నలే చాలును.

సొమ్ము ఏ దిక్కుగా పోవుచున్నది అనునది మొదటి ప్రశ్న. బస్తా మోయించుకొనువాడు హమాలీకి కూలి యిచ్చునే గాని, మోయుటకు ముందు హమాలీవద్ద రుసుము పుచ్చుకొనడు. పని యిచ్చువాడు మననుండి సొమ్మడిగిన క్షణముననే అది పని కాదు, వ్యాపారము. మనము పనివారము కాము, గిరాకీదారులము. కొన్ని మంచి వేదికలు సంపాదనలో వంతు తీసికొనుట నిజమే. పనికై దరఖాస్తు పెట్టుకొనుటకు అప్‌వర్క్ వంటిది స్వల్పముగా సొమ్ము తీసికొనుటయు కలదు. కాని చేసిన పనికి రావలసిన కూలిని విడిపించుటకు ముందుగా కట్టుమని నిజమైన వేదిక యేదియు అడుగదు. క్రొత్తవారు చేతినుండి ఒక్క రూపాయియు పెట్టకుండుట సురక్షితము.

ఈ సరకు కొనువాడెవడు అనునది రెండవ ప్రశ్న. అచ్చుపుటను చదివి అక్షరములుగా మార్చు పనిని నేడు యంత్రము క్షణములో చేయగలదు. అట్టిచో పుటకు వంద రూపాయలిచ్చి మనచేత టైపు చేయించుకొనవలసిన అగత్యము ఎవరికి? ఈ ప్రశ్నకు నమ్మదగిన సమాధానము లేనిచో పని లేదన్నమాట. అనువాదమైనచో ఆ పుస్తకమును, ఆ ప్రకటనను, ఆ కరపత్రమును వాడుకొను సంస్థ ఏదో తెలియును. తెలియనిచో అడుగవలెను.

ధర సరియైనదా అనునది మూడవ ప్రశ్న. సంతలో ధర కంటె రెట్టింపు ఇత్తుననువాని కాటాను చూడకుండ ఏ రైతును సరకు దింపడు. నేర్పరియైన అనువాదకునకే దొరకని కూలి, నేర్పు అడుగని పనికి దొరకునన్నచో అందేదో లోటు కలదు.

మనిషి యెవడు అనునది నాలుగవ ప్రశ్న. కంపెనీ పేరును కేంద్ర కార్పొరేటు వ్యవహారముల శాఖవారి జాబితాలోను, జీఎస్టీ సంఖ్యను ఆ శాఖవారి వెబ్‌సైటులోను ఎవరైనను ఉచితముగా సరిచూడవచ్చును. అయితే ప్రభుత్వమున నమోదైనంతమాత్రమున నిజాయితీకి పూచీ లేదు. ఇతరుల సంఖ్యను తనదిగా చూపువారును కలరు. పేరుగల సంస్థను అనుకరించి, వెబ్‌సైటు పేరులో ఒక్క అక్షరము మార్చి నకిలీ పెట్టుట సర్వసాధారణము. అందుచే వచ్చిన లంకెను నొక్కక, ఆ సంస్థ అసలు చిరునామాను మనమే వెదకి, అచటినుండి విచారింపవలెను. టెలిగ్రామ్‌లో తప్ప మరెచటను మాటాడనివాడు, ముఖము చూపనివాడు, కూలిని ఏదో ఖాసా వ్యక్తి ఖాతానుండి పంపువాడు నమ్మదగినవాడు కాడు.

మచ్చు ఎంత అనునది ఐదవ ప్రశ్న. మచ్చు చూపుట వ్యాపారధర్మమే. కాని మచ్చు పేరిట బస్తా మొత్తము ఎత్తుకొనిపోవువాడు వర్తకుడు కాడు. పరీక్షకై ఒకటి రెండు పేరాలు అనువదించుట న్యాయము. పది పుటలు ఉచితముగా చేయుమన్నచో, పదిమందివద్ద పదేసి పుటలు చేయించుకొని పుస్తకము పూర్తిచేసికొను తలంపు కావచ్చును. మొదట చిన్న పని, దానికి చెల్లింపు, ఆపై పెద్ద పని అనునదే క్రమము. అయినను తొలి చెల్లింపు వచ్చినంతనే నమ్మకము పూర్తియైనదని భావింపరాదు. గాలమునకు ఎర గ్రుచ్చుటకు జాలరి వెనుదీయడు గదా!

వీనికి తోడు మరువరాని మాట యొకటి. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ ఎన్నడును అవసరము లేదు. పిన్ నొక్కుమనుట, ఓటీపీ చెప్పుమనుట మన పెట్టె తాళపుచెవి యడుగుటయే.

ఇంత చెప్పినను మోసము జరుగవచ్చును. జరిగినచో కాలహరణము చేయరాదు. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందే దారిలోని ఖాతాలను నిలుపుదల చేయించు ఏర్పాటు దానికి కలదు. గంటలు గడచినకొలది ఆశ తగ్గును. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటునందును ఫిర్యాదు వ్రాయవచ్చును. మన జిల్లాలో ఇట్టి నేరములకు సీఈఎన్ పోలీసు ఠాణా కలదు. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన క్రొత్త చట్టముల ప్రకారము, నేరము ఎచట జరిగినను ఏ ఠాణాయందైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. బ్యాంకునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. సందేశములను, ఫోను సంఖ్యలను, చెల్లింపు వివరములను తుడిచివేయరాదు. సిగ్గుచే వానిని తుడిచివేయుట సాక్ష్యమును పాడుచేయుటయే.

టైపు ఒప్పందముల నోటీసులు వచ్చినవారు భయపడనక్కరలేదు. ఒప్పందభంగము సివిలు వ్యవహారము. దానికై ఎవరును ఇంటికి వచ్చి పట్టుకొనిపోరు. 1872 నాటి ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము, కాగితముమీద ఎంత జరిమానా వ్రాసికొన్నను న్యాయస్థానము సముచితమైన పరిహారమునే యిప్పించును. ఫోనులోనే అరెస్టు చేయుట యనునది మన చట్టమందు లేనే లేదు. నోటీసు వచ్చినచో ఎరిగిన వకీలునకు చూపుడు. బెదరించువానికి ఒక్క పైసయు పంపకుడు. పోయిన సొమ్మును తిరిగి యిప్పింతుమని రుసుమడుగువారు సైతము ఆ మోసగాండ్ర జ్ఞాతులేయని గ్రహింపుడు.

మన పెద్దలలో కొందరు, కన్నడమున వ్రాయలేమని ఠాణా మెట్లెక్కుటకు జంకుచున్నారు. రాజ్యాంగము 350వ అధికరణము, కేంద్రమందు గాని రాష్ట్రమందు గాని వాడుకలోనున్న ఏ భాషయందైనను తన కష్టమును అధికారులకు అర్జీగా విన్నవించుకొను హక్కును ప్రతి మనిషికి ఇచ్చినది. తెలుగు అర్జీ హక్కే. అయినను నిలుపవలసిన సొమ్ము నిమిషములలో జారిపోవుచున్నప్పుడు, హక్కుతోపాటు వేగమును కావలెను. కావున కన్నడము చక్కగా వ్రాయగల మన యువకులు ముందుకు వచ్చి, అట్టివారి ఫిర్యాదులను అప్పటికప్పుడు వ్రాసిపెట్టు భారము వహింపవలెనని కోరుచున్నాము. సంఘ కార్యాలయపు తలుపు అందుకు తెరచియుండును. అనుమానము గలిగిన ప్రకటనను చేరుటకు ముందే తెచ్చి చూపినచో అంతకంటె మేలు.

ఇండ్లలోని పెద్దలకు ఒక మనవి. మోసపోయిన బిడ్డను నిందించుట మోసగానికి సహాయపడుటయే. మొదటి అయిదు వేలు పోయినప్పుడు ఇంట చెప్పుకొనలేకపోవుటచేతనే, దానిని రాబట్టుకొనుటకై అయిదు లక్షలు అప్పుచేసి పోగొట్టుకొనువారు ఉన్నారు. ప్రాణములకు తెగించినవారి వార్తలును పత్రికలలో చూచుచున్నాము. సొమ్ము మరల సంపాదింపవచ్చును. బిడ్డ వచ్చి నిజము చెప్పుకొనగల ఇల్లు మనదై యుండవలెను.

చివరగా మన వర్తకులకు చెప్పవలసిన మాట కలదు. మన మిల్లులకు, అంగళ్లకు, ఆస్పత్రులకు, విత్తనముల దుకాణములకు కన్నడ తెలుగు భాషలలో కరపత్రములు, పట్టీలు, ఉత్తరములు, లెక్కలు నిత్యము కావలసియే యున్నవి. వానిని యంత్రముచేత తప్పులతడకగా చేయించుకొనుటకంటె, చదువుకొన్న మన బిడ్డలకు అప్పగించి న్యాయమైన కూలి యిచ్చినచో, వారికి అనుభవము, నమ్మకము, చూపుకొనుటకు చేసిన పని కలుగును. దూరపు వేదికలలో నిజమైన పనికి అదియే మెట్టు. "పని యిచ్చుట మాట యటుంచి, చేయించుకొని కూలి ఎగవేయుచున్నారు" అను నింద మనలో ఎవరికిని రాకుండుగాక! ముక్కు మొగము తెలియని మోసగాని మాట మన బిడ్డలకు తీపిగా వినబడుచున్నదన్నచో, తెలిసినవారు ఎవరును వారిని పనికి పిలువకపోవుట అందుకు కొంత కారణము. ఆ లోటు తీర్చుట మన చేతిలోని పని. అది ఈ వారమే మొదలగునని ఆశించుచున్నాము.